తెలుగు సారు నోట్లోని మాట

మానుకోట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో నేను సాంఘిక శాస్త్రం చెబుతాను. బడికి వచ్చే పిల్లల్లో సగానికి పైగా చుట్టుపక్కల తండాల వాళ్లు. ఇంట్లో లంబాడి భాష, బడిలో తెలుగు, చేతిలో ఇంగ్లీషు పుస్తకం. ఆరో తరగతిలో చేరిన కొత్తలో కొందరు నెలల తరబడి నోరు విప్పరు.

నేను చేరేనాటికి ఆ పిల్లల నోరు విప్పించగలిగిన మనిషి మా బడిలో ఒక్కరే ఉండేవారు. ఆయన తెలుగు సారు. అప్పటికే ఆయనకు యాభై ఏడేళ్లు. టేకుమట్ల దగ్గరి పల్లె ఆయనది. పిల్లలు లేరు. భార్య పోయాక మానుకోటలోనే ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే తండాల్లో తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారట. కొత్త పిల్లవాడు తలుపు దగ్గర బిక్కుబిక్కుమంటూ నిలబడితే "ఆవ్, ఆవ్" అని వాళ్ల భాషలోనే పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. బోర్డు మీద 'అమ్మ' అని రాసి, "మీ ఇంట్ల ఏమంటరు?" అని అడిగేవారు. "యాడి" అని వాడు గొణిగితే ఆ మాటను కూడా అమ్మ పక్కనే రాసేవారు. ఇంటి మాట బోర్డు మీద కనబడగానే ఆ పిల్లవాడు మెడ నిక్కించి చూసే చూపు నేను కిటికీలోంచి చాలాసార్లు చూశాను.

నన్ను మొదటి రోజు నుంచీ "బిడ్డా" అనే పిలిచారు.

మాది జనగామ వైపు, దేవరుప్పుల మండలంలో ఒక పల్లె. బీఈడీ మాత్రం కోస్తాలో చదివాను. అక్కడ మొదటి నమూనా పాఠం రోజున పటం గోడకు తగిలించి "గిట్ల జూడుండ్రి" అన్నాను. క్లాసంతా ఒక్కసారి గొల్లుమంది. మా లెక్చరర్ కూడా నవ్వి, "ఇంకోసారి అనమ్మా, బాగుంది" అన్నాడు. ఆయన మెచ్చుకున్నాడేమోననుకుని ఇంకోసారి అన్నాను. ఆ ఏడాదంతా నా పేరు 'గిట్ల' అయిపోయింది. నేను హాస్టల్ స్నానాల గదిలో నిలబడి ఇలా, అలా, ఎలా అని సాధన చేశాను. సెలవులకు ఇంటికి వస్తే మా అమ్మ నా మాట విని, "ఏందే, టీవీలోళ్ల లెక్క మాట్లాడుతున్నవ్?" అంది. కోస్తాలో నవ్వినందుకు పడిన బాధ కంటే, మా అమ్మ మొహంలో కనిపించిన బెరుకు నన్ను ఎక్కువ బాధపెట్టింది.

అందుకే మాటల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. పిల్లలతో మాట్లాడేటప్పుడు ఏ మాటలు వాడకూడదో మా ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టినప్పుడు, మా బడి తరఫున నేనే ముందుకు వెళ్లాను. తిరిగొచ్చి ఒక చార్టు రాసి స్టాఫ్ రూము గోడకు అంటించాను. ఒక పక్క అనకూడని మాటలు, ఇంకో పక్క అనదగినవి. కుంటి, గుడ్డి, చెవిటి, మూగ, పిచ్చి, కులాల పేర్లతో చేసే పోలికలు, ఆడపిల్లల రంగూ ఒళ్లూ మీద వేసే మాటలు.

ఆ రోజు స్టాఫ్ రూములో పెద్ద వాదనే జరిగింది. లెక్కల సారు చార్టు ముందు నిలబడి, "ఆలోచించకుండ జేస్తే నేను గుడ్డి లెక్క అంట. గది గూడ అనొద్దా? ఇగ నోరు కుట్టేసుకుందాం" అన్నాడు.

హిందీ టీచర్ నవ్వింది. "ఏడో క్లాసు పిల్లగాన్ని అందరు చెవిటోడా అనే పిలుస్తరు. వాడు నవ్వుకుంట వస్తడు. వానికి లేని బాధ మనకెందుకు?"

తెలుగు సారు అప్పటిదాకా పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు. తలెత్తి, "బాధ లేదని నీకు వాడు జెప్పిండా అక్కా?" అన్నారు. "నవ్వకుంటే ఏం జేస్తడు, చిన్నపోరడు? బిడ్డ మంచిగ రాసింది. ఉండనీయుండ్రి."

ఆయన మాటతో చార్టు గోడ మీద ఉండిపోయింది.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి తెలుగు పీరియడ్. పక్క గదిలో నా క్లాసు. వాన జోరు మీదుంది, పిల్లలు ఆపకుండా కేకలు పెడుతున్నారు. సారు గొంతు గోడ దాటి వినిపించింది.

"ఏందిరా గీ లంబాడి లొల్లి! సప్పుడు జెయ్యకుండ కూసోండ్రి."

పిల్లలు నవ్వారు. తండా పిల్లలు కూడా నవ్వారు. సారు ఆ మాట అంతకుముందు కూడా అని ఉంటారు. మా ఊళ్లో మా నాయన అనేవాడు, మా మేనత్తలు అనేవారు. ఆ రోజు మాత్రం నా చేతిలో చాక్‌పీసు ఆగిపోయింది.

మర్నాటి నుంచి ఆ తరగతిలో ఒక అమ్మాయి తెలుగు పీరియడ్‌కు తలనొప్పి అని చెప్పి వరండాలో కూర్చోవడం మొదలుపెట్టింది. తండా పిల్ల, బాగా చదివేది. నాలుగైదు రోజులు చూసి, మధ్యాహ్న భోజనం అయ్యాక పళ్లెం కడుక్కుంటున్న అమ్మాయిని పక్కకు పిలిచాను.

"ఏమైంది? పాఠం అర్థం కావడం లేదా?"

"ఏం గాలే టీచర్." కొంచెంసేపు పళ్లెం తుడిచింది. "టీచర్, లంబాడోళ్లు నిజంగనే లొల్లి జేస్తరా?"

నేను ఏమీ అనేలోపు తనే చెప్పింది. రెండేళ్ల కిందట వాళ్ల అమ్మను కాన్పుకు ఒక దవాఖానకు తీసుకుపోయారు. నాన్న కూలికి దూరం పోయి ఉన్నాడు, అన్న చదువుకు హాస్టల్లో ఉన్నాడు. తోడు ఈ పిల్ల ఒక్కతే.

"నొప్పులైతుంటే అరిసింది టీచర్. ఎవరైన అరుస్తరు గద. ఆడున్న ఒకామె, ఏందే గీ లంబాడి లొల్లి, నోరు మూసుకో అన్నది. గప్పటిసంది మా యాడి నోట్ల కొంగు పెట్టుకున్నది. మల్ల ఎవ్వలను పిలువలే. బిడ్డ కదుల్తలేదని తెలిసినా పిలువలే. నేను బయట కూసున్న. లోపల సప్పుడు లేకుంటే నొప్పి తగ్గిందనుకున్న." ఆ పిల్ల నా మొహంలోకి చూడకుండానే చెప్పింది. "తమ్ముడు పుట్టిండు. కండ్లు తెరువలే."

కొళాయి కింద పిల్లలు తోసుకుంటున్నారు. నేను ఆమె భుజం మీద చెయ్యి వేశాను.

"సారుకు చెప్పకుండ్రి టీచర్. సారు మంచోడు. నాకు కోపం లేదు. గా మాట ఇంటే మా యాడి కొంగు యాదికొస్తది, గంతే. ఎవ్వలకు చెప్పకుండ్రి."

చెప్పనని తల ఊపాను.

సారుకు నిజంగానే చెప్పలేదు. ఎదురుగా కూర్చుని టీ తాగుతూ, ఒకే టిఫిన్ డబ్బాలోంచి పచ్చడి పంచుకుంటూ రెండు వారాలు గడిపాను. సార్, ఆ మాట అనకండి, ఒక పిల్ల బాధపడుతోంది అని ఒక్క ముక్క అంటే సరిపోయేది. కానీ తర్వాతి శిక్షణలో, నిండు హాల్లో మైకు నా చేతికి ఇచ్చినప్పుడు, మొత్తం చెప్పేశాను. బడి పేరు చెప్పలేదు. సారు పేరు, పిల్ల పేరు చెప్పలేదు. 'ఒక సీనియర్ ఉపాధ్యాయుడు' అన్నాను. ఆ తల్లి నోట్లో కొంగు పెట్టుకున్నదని చెప్పినప్పుడు ఇద్దరు ముగ్గురు టీచర్లు కళ్లు తుడుచుకున్నారు. చప్పట్లు కొట్టారు. ఒకామె వచ్చి నా చేతులు పట్టుకుంది. ఆ సాయంత్రం జనగామకు, మా ఇంటికి పోయే రైల్లో కిటికీ పక్కన కూర్చుని నేను సంతోషంగా ఉన్నాను. ఈ సంగతి రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

మండలంలో తండా పిల్లలు ఎక్కువున్న బడి ఏదో, అందులో సీనియర్ ఎవరో కనిపెట్టడానికి ఎవరికీ ఎంతోసేపు పట్టలేదు. ఎవరో నా మాటలు ఫోన్‌లో రికార్డు చేశారు. అది గ్రూపుల్లో తిరిగి తిరిగి ఆ అమ్మాయి అన్న దగ్గరికి చేరింది. అతను మానుకోటలో డిగ్రీ చదువుతున్నాడు. తన తల్లి కాన్పుగదిలో ఏం జరిగిందో అతనికి అప్పటిదాకా తెలియదు. రెండేళ్ల కిందటి కాన్పు, కళ్లు తెరవని బిడ్డ అని వినగానే అది తన ఇల్లేనని పోల్చుకున్నాడు. తన ఇంటి సంగతి ఊరందరి ఫోన్లలో విన్నాడు.

మర్నాడు పొద్దున్న ప్రార్థన కాకముందే పది పన్నెండు మందితో వచ్చాడు. హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి తెల్లకాగితం ముందు పెట్టాడు. "నువ్వు ఇన్నవా లేదా, గదే రాయి. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

నాలుగు వాక్యాలు రాశాను. ఫలానా రోజు, ఫలానా పీరియడ్‌లో, ఫలానా మాట నా చెవులతో విన్నాను. కింద సంతకం పెట్టాను. రాసిన ప్రతి అక్షరం నిజమే. ఆయన ఆ పిల్లల భాష నేర్చుకున్నారనీ, జ్వరమొచ్చిన పిల్లలను తన బండి మీద తండాకు దింపి వచ్చేవారనీ నన్ను ఎవరూ అడగలేదు, నేను రాయలేదు.

సారును పిలిపించారు. ఆయన కాగితం చదివారు, నా సంతకం చూశారు. నా వైపు ఒక్కసారి చూసి, "అవు. అన్న" అన్నారు. ఆ పిల్ల తల్లి సంగతి అప్పుడే మొదటిసారి విన్నారు. గోడకు ఆనుకుని నిలబడ్డారు.

పిల్లలందరి ముందు క్షమాపణ చెప్పాలని వచ్చినవాళ్లు పట్టుబట్టారు. సారు మెట్ల మీద నిలబడ్డారు. ఫోన్లు పైకి లేచాయి.

"పిల్లలూ, నేనొక మాటన్న. అది తప్పు మాట. మా ఊర్లె చిన్నప్పుడు ఇన్న, ఇన్నదే అన్న, ఎన్నడు ఆలోచన జెయ్యలే. నన్ను మాఫ్ చెయ్యుండ్రి." అని ఆగి, అదే మాట వాళ్ల భాషలో మొదలుపెట్టారు. వచ్చినవాళ్లలో ఒకతను, "మా భాషల మమ్ములనే ఎక్కిరిస్తున్నవా?" అని అరిచాడు. సారు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయారు. ఆరో తరగతి పిల్లలు ఏడవడం మొదలుపెట్టారు.

ఆ వీడియో రెండు రోజుల్లో ఎక్కడెక్కడికో పోయింది. తిట్టినవాళ్లు తిట్టారు. కొందరు ఆయన మాటను చూసి నవ్వారు. 'తెలుగు పంతులుకే తెలుగు రాదు' అని ఒకరు రాశారు. 'మాఫ్ చెయ్యుండ్రి' అన్న ముక్కను మాత్రం కత్తిరించి, దానికి నవ్వుల చప్పుడు కలిపి ఇంకెవరో పెట్టారు. మా బంధువుల గ్రూపులో కూడా అది వచ్చింది. వెనక వినిపించేది ఎవరి నవ్వో నాకు తెలియదు గానీ, నా బీఈడీ క్లాసు నవ్వులాగే ఉంది.

విచారణ జరిగింది, మెమో ఇచ్చారు. అంతటితో పోయేదే. కానీ సారు సెలవు పెట్టారు, సెలవులోనే స్వచ్ఛంద పదవీ విరమణకు రాసేశారు. మా బడిలో అటెండర్ రిటైరైనా శాలువా కప్పి, ఫొటో తీయించి, ఇంటిదాకా కార్లో దింపి వస్తాం. సారు ఒక శనివారం మధ్యాహ్నం వచ్చి, బీరువా తాళంచెవి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారట. నేను ఎనిమిదో తరగతికి నదుల పాఠం చెబుతున్నాను. బండి చప్పుడు విన్నాను. బయటికి రాలేదు.

కొత్త తెలుగు సారు మంచివాడే. నోటి వెంట ఒక్క పొల్లుమాట రాదు. పిల్లలను కూడా 'మీరు' అంటాడు. ఆరో తరగతి వాళ్లు ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడతారు, అడిగినదానికి జవాబు చెప్పరు. చెబుదామన్నా ఆయనకు ఆ భాష రాదు.

ఆ అమ్మాయి మూడు వారాలు బడికి రాలేదు. నీవల్లే సారు పోయారని తండా పిల్లలే ఆమెతో మాట్లాడటం మానేశారని తర్వాత తెలిసింది. ఒకరోజు వాళ్ల అమ్మే బడికి వచ్చింది. పత్తి ఏరి వచ్చిన చేతులు, సన్నటి మనిషి. నన్ను వెతుక్కుంటూ వచ్చి వేపచెట్టు కింద నిలబడింది.

"నువ్వేనా టీచర్, మైకుల జెప్పింది?"

"నేనేనమ్మా."

"నా ముచ్చట నలుగుట్ల ఎందుకు పెట్టినవ్? నా మొగనికి గూడ జెప్పలే నేను. నా బిడ్డ నిన్ను నమ్మి జెప్పింది."

నేను తప్పైందమ్మా అన్నాను. ఆమె విన్నదో లేదో.

"గా మాట అనకు సారూ అంటే అయిపోవు గద. ఎల్లగొట్టుమని ఎవరన్నరు? నా కొడుకు కోపంల వచ్చిండు. సదువుకున్నోళ్లు మీరు జర ఆగొద్దా?"

ఆమె అరవలేదు. ఒక్క మాట కూడా గట్టిగా అనలేదు. చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుని వెళ్లిపోయింది.

ఎండాకాలం సెలవుల్లో నేను సారును చూడటానికి బయల్దేరాను. జనగామ నుంచి హన్మకొండ, అక్కడి నుంచి భూపాలపల్లి బస్సెక్కి రేగొండలో దిగి, ఆటోలు మారి టేకుమట్ల వైపు. పత్తి పీకేసిన చేన్లు ఎండకు పగుళ్లు తేలి ఉన్నాయి. సారు తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న తమ్ముడి భార్య నా బడి పేరు వినగానే చేతిలో పని ఆపి, లోపలికి పోయింది.

సారు బయటికి వచ్చారు. చాలా చిక్కిపోయారు.

"రండి టీచర్ గారూ. కూర్చోండి" అన్నారు.

నన్ను ఆయన ఎన్నడూ మీరు అనలేదు. టీచర్ గారూ అనలేదు. దారిలో దొరికిన మాటను తెచ్చి పెట్టినట్టు, ఒక్కొక్కటీ ఏరి ఏరి మాట్లాడారు. మీ ఆరోగ్యం బాగున్నదా, ప్రయాణం కష్టమైందా, మంచినీళ్లు తీసుకోండి. తమ్ముడి మనవరాలు వచ్చి ఒళ్లో కూర్చుంటే దానితో కూడా అలాగే మాట్లాడారు. అది ఆయన మొహంలోకి వింతగా చూసింది.

"సార్, నన్ను తిట్టండి" అన్నాను.

"ఎందుకు తిడతాను? మీరు రాసింది నిజమే కదా. నేను అన్నాను కదా."

మనవరాలిని ఒళ్లోంచి దించి, పాత మాటలోకి వచ్చారు. "నా ఎదురుంగనే కూసున్నవ్. రెండు వారాలు. నాకెందుకు జెప్పలే?"

"భయమైంది సార్."

"నేనంటెనా?"

 భయం కాదని నాకు తెలుసు. ఆయనకు ఒక్కరికే చెప్పి ఉంటే, తప్పు దిద్దినట్టు ఆయనకు తప్ప ఎవరికీ తెలిసేది కాదు. నలుగురి ముందు సరైన మాట తెలిసినదానిలా నిలబడాలని నాకుండేది. ఆ మాట ఆయనతో అనే ధైర్యం ఆ రోజు లేకపోయింది.

సారు ఆ తల్లి ఎలా ఉందని అడిగారు. ఆమె బడికి వచ్చి అన్న మాటలన్నీ చెప్పాను. తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నారు. "గన్నేండ్లు ఆ తండాకు పోయిన. వాళ్లింట్ల బాటీ రొట్టె తిన్న. నా నోట్ల గది ఉన్నదని నాకే తెల్వకపాయె" అన్నారు. నేను లేచేటప్పుడు మళ్లీ 'జాగ్రత్తగా వెళ్లండి టీచర్ గారూ' అనే సాగనంపారు. ఇప్పటికీ పండుగకు ఫోన్ చేస్తే అలాగే మాట్లాడతారు.

వానలు పడ్డాక ఒకరోజు సారు ఆ తండాకు వచ్చారట. బడికి రాలేదు, మాకెవరికీ చెప్పలేదు. నాకు ఆ తల్లే చెప్పింది, కూరగాయల సంతలో కనబడితే. "ఒక్కడే వచ్చిండు. వాకిట్ల కింద కూసున్నడు, మంచమేస్తే కూసోలే. నా భాషలనే మాట్లాడిండు. నేను గూడ ఏడ్చిన. బాటీ చేసి పెట్టిన. సగం తిని, సగం కట్టుకపోయిండు." ఆమె కొడుకు ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడట. బస్టాండ్ దాకా సారును తన బండి మీద దింపాడట. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఆమెకు తెలియదు.

 వాళ్ల మధ్య ఏదో కుదురుకుంది. అందులో నాకు చోటు లేదు, ఉండాలని అడిగే హక్కు కూడా లేదు.

ఆ అమ్మాయి పది పాసై, ఇంటర్ పాసై, ఇప్పుడు జనగామలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మొన్న బస్టాండ్ దగ్గర ఎదురైంది. నన్ను తప్పించుకుని పోతుందనుకున్నాను, ఆగింది. టీ తాగుదాం రమ్మంటే వచ్చింది.

"టీచర్, ఒకటడగాలె. గప్పుడు నేను మీకు జెప్పింది తప్పా?"

"నీది ఏ తప్పూ లేదు. నువ్వు చెప్పాల్సిందే. నేను మాట తప్పాను."

"మరి అందరు నన్నెందుకు గట్ల జూసిన్రు?"

  టీ చల్లారిపోతుంటే తాగమన్నాను. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. లేచి గోడవైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, వాళ్ల భాషలో ఏదో అంది. అవతలి గొంతు నాకు వినబడుతోంది, మళ్లీ మళ్లీ ఏదో అడుగుతోంది. వచ్చి కూర్చున్నాక, "మా యాడి టీచర్. తండల సిగ్నల్ ఉండదు. గట్టిగ మాట్లాడు, ఇనబడ్తలేదు అంటది" అంది.

ఫోన్ మళ్లీ మోగింది. మళ్లీ లేచి వెళ్లింది. బస్సులు, ఆటోలు, సమోసాలమ్మేవాళ్ల కేకలు, అంత గోలలో ఆ పిల్ల ఏం మాట్లాడినా ఎవరికీ పట్టదు. అయినా తను గొంతు పెంచలేదు.